మూడువందల ఓముల సంబంధం

ఈ ఉదయం నా హెడ్‌ఫోన్, ఆంప్లిఫయర్‌తో కాపురం చెయ్యనని పుట్టింటికి వెళ్ళిపోయింది.

తీగ చుట్టుకుని, పెట్టె సర్దుకుని, ముఖమల్ సంచీ చంకన పెట్టుకుని మరీ వెళ్ళింది. బల్ల మీద అది కూర్చునే చోట దుమ్ము పడని గుండ్రటి గుర్తులు రెండు మిగిలాయి. పాలు పొంగుతుంటే నేను వంటింట్లో ఉన్నాను, గుమ్మం దాటడం చూడలేదు. వెళ్ళేటప్పుడు తలుపు లోపలినుంచి గొళ్ళెం పెట్టి మరీ వెళ్ళింది. అంత మర్యాద తెలిసిన పిల్ల.

ఆంప్లిఫయర్ మాత్రం బల్ల మీదే ఉన్నాడు. నాలుగు గాజు వాల్వులూ ఎర్రగా వెలుగుతున్నాయి. ఇల్లరికం తెచ్చుకున్న అల్లుడు కాబట్టి గట్టిగా ఒక మాట అనడానికి లేదు. ఏం జరిగిందండీ అని అడుగుతాను. తనకున్నదంతా ఇచ్చాననీ, ఇచ్చింది పుచ్చుకోవడం అమ్మాయికి చేతకాలేదనీ అంటాడు. మొదటి అల్లుడి దగ్గర్నుంచీ పద్నాలుగో అల్లుడైన ఈయన దాకా అందరూ ఇదే మాట. నాకు ఒళ్ళు మండిపోతుంది.

వెనక గదిలో పదముగ్గురు మాజీ అల్లుళ్ళున్నారు. ఒకాయన నోరు విప్పితే ఎండలో రేకు మీద నీళ్ళు పడ్డట్టు చుర్రుమంటాడు. ఒకాయన రోజంతా సన్నగా గుర్రుపెడతాడు. ఒకాయన ఎడమవైపు ఒకటీ కుడివైపు ఒకటీ చెబుతాడు. ఎవరికీ పుట్టిళ్ళు లేవు, అందుకని ఎవరూ వెళ్ళరు. సంబంధం తప్పిన ప్రతిసారీ మా ముందుగది ఒక మూర పొడుగవుతోంది. కుర్చీలోంచి లేచి వీధిగుమ్మం చేరేసరికి కాఫీ చల్లారిపోతోంది. ఇంటి పన్ను వాళ్ళు వచ్చి చూసి, ఇది పొడుగే గాని స్థలం కాదని రాసుకుని పోయారు.

ఇదంతా ఒక్క కాసెట్ కోసం.

కాసెట్ మా అక్కది. మా అక్క శేషారత్నం ఏలూరు బస్టాండులో ఇరవైరెండేళ్ళు మైకులో బస్సులు పిలిచింది. ఏ బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీద ఉందో ఆవిడ చెబితేనే జనం కదిలేవారు, ఆవిడ చెబితేనే బస్సు కదిలేది. ఎర్రరాయి దుద్దు మీద అరచెయ్యి ఆనించి, తన గొంతు తను వింటూ పిలిచేది. అమ్మానాన్నలు పోయాక ఆ గొంతుతోనే నన్ను నిద్రలేపింది, బడికి పంపింది, ఇంతవాణ్ణి చేసింది.

ఒకరోజు నా స్నేహితులు నలుగురు పాటలు వినడానికి వచ్చి కూర్చున్నారు. అక్క కేకేసి భోజనానికి పిలిచింది. రేకుడబ్బాలో రాళ్ళు పోసినట్టుంది నీ గొంతు, మంచి ధ్వని అంటే ఏమిటో నీకు ఈ జన్మకి తెలీదు అన్నాను. నలుగురూ నవ్వారు. అక్క వడ్డించింది, తన కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది, ఆ తరవాత నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. నాకూ పంతమే. నేను వేరే వాటా తీసుకుని పవర్‌పేట వచ్చేశాను.

రెండేళ్ళు పోయాక ఒక మంగళవారం ఆ కాసెట్ వచ్చింది. నడిచొస్తే పావుగంట దూరంలో ఉన్న నాకు, పొరుగూరి పార్సిల్‌లాగా కండక్టరు చేత పంపింది. పైన ‘నందానికి’ అని రాసుంది. నా పేరు సత్యానందం, ఆవిడకి నందం. ఇప్పుడు గుర్తొచ్చానా అనుకుని బీరువాలో పడేశాను. ఆ గురువారం అక్క ఒక్కతే విజయవాడ పెద్దాసుపత్రికి వెళ్ళిందట. శనివారం అంబులెన్సులో తీసుకొచ్చారు.

పదకొండేళ్ళయింది. కాసెట్ ఇంకా వినలేదు.

వినకూడదని కాదు. ఆఖరి మాటలు కదా, వింటే బాగా వినాలి. ఊపిరితో సహా వినాలి. పైగా అది ఒక్కసారే తిరుగుతుంది. హెడ్‌ఫోన్ కొన్నరోజున కాసెట్‌ని కూడా పట్టుకెళ్ళి చూపిస్తే కొట్టావిడ మంగతాయారు దాన్ని వెలుగుకి పట్టుకుని చూసింది. పూత రాలిపోతోంది అన్నయ్యగారూ, ఒక్కసారి పాడుతుంది, తరవాత మీ దగ్గర ఉత్త ప్లాస్టిక్ మిగులుతుంది అంది. ఆ ఒక్కసారికి తగిన జోడీ కోసం మూడేళ్ళుగా తిరుగుతున్నాను. హెడ్‌ఫోన్ని సొంత కూతురిలా పెంచుకుంటున్నాను. ఇదీ నా బతుకు.

గది దాటి, గుమ్మం దాటి, ముందు కామేశం గారి దగ్గరికి వెళ్తాను. ఆయన పవర్‌పేట స్టేషన్లో రెండో బెంచీ మీద కూర్చుని సంబంధాలు చూస్తుంటాడు. స్పీకర్లకీ, రికార్డు ప్లేయర్లకీ, మిక్సీలకీ కూడా చూస్తాడు. చుట్టూ వస్తువుల అడుగున అంటించే చీటీలు కట్టలు కట్టలుగా ఉంటాయి, అవే జాతకాలు. పద్నాలుగో సంబంధం కుదిర్చింది ఈయనే. ముహూర్తం పెట్టి, నా చేత జాక్ మీద కుంకుమబొట్టు పెట్టించి మరీ కలిపాడు.

“ఇదేం పొంతనండీ? పిల్ల ఇల్లు వదిలి వెళ్ళిపోయింది,” అంటాను.

కామేశం గారు కళ్ళజోడు తుడుచుకుని చీటీ మళ్ళీ చదువుతాడు. కరెంటుకి అడ్డుపడే లెక్కలో అమ్మాయివి మూడువందల ఓములు. అబ్బాయివి అందులో ఎనిమిదో వంతు మించకూడదు, అది పెద్దల కాలం నుంచీ ఉన్న లెక్క. మించితే అబ్బాయి మామూలుగా మాట్లాడినా అమ్మాయి దగ్గరకొచ్చేసరికి కింది స్వరాలన్నీ ఉబ్బుతాయి, అందరి గొంతులూ ముక్కుదిబ్బడ పట్టినట్టు వినిపిస్తాయి. అబ్బాయివి అరవై ఉన్నాయి. ఆవేళ తొందరలో ఆరు అని చదివాడట.

ఒక సున్నా చూసుకోలేదని అంత నింపాదిగా చెబుతుంటే ఏమనాలి? ఆ సున్నా ఎక్కడుందో చూపించమంటాను. అప్పుడే వచ్చిన పాసింజరు చక్రాల్లో ఒకటి చూపించి, అదేనంటాడు. బండి కదిలి వెళ్ళిపోతుంది. ఇక వాదించి లాభం లేదు.

పదిహేనో సంబంధం చూడమంటారా అని కట్ట విప్పుతాడు. చూడనా వద్దా అని అడుగుతున్నప్పుడు ఆయన గొంతులో విసుగు లేదు. నాకు అదే విసుగు. వద్దని చెప్పి, పిల్లని తీసుకురావడానికి పుట్టింటికి బయల్దేరతాను.

పుట్టిల్లంటే మంగతాయారు కొట్టు. సప్తస్వర ఎలక్ట్రానిక్స్ అని బోర్డు. నేను వెళ్ళేసరికి ఆవిడ జుట్టుముడిలో సోల్డరింగ్ ఐరన్ గుచ్చుకుని, ఒక రేడియోకి అన్నం తినిపిస్తోంది. లోపలి గదిలో ఫ్యాను కింద అలిగి వచ్చిన హెడ్‌ఫోన్లు ఓ డజను కూర్చుని తీగలు చిక్కు తీసుకుంటున్నాయి. నాది గోడవైపు తిరిగి పడుకుంది.

మజ్జిగ ఇచ్చి కూర్చోమంటుంది మంగతాయారు. రాత్రంతా ఏడ్చిందని చెబుతుంది. రాత్రి మా ఇంట్లోనే ఉంది కదమ్మా అంటే, ఏడుపు ముందొచ్చింది, పిల్ల పొద్దున్న వచ్చింది అంటుంది.

“ఊరికే పంపను అన్నయ్యగారూ. పద్నాలుగుసార్లు పంపాను. ఈసారి పెద్దమనిషి చెప్పాల్సిందే,” అంటుంది.

కొట్టు వెనక రేకుల పంచలో పంచాయితీ పెడతారు. పెద్దమనిషి అంటే పాత బస్టాండు గొట్టం. లౌడ్‌స్పీకర్ గొట్టాన్ని నేను చూడగానే గుర్తుపడతాను. బూడిదరంగు పోయి అక్కడక్కడా తుప్పు తేలింది, మూతి దగ్గర సొట్ట ఉంది, లోపల పావురం గూడు ఉంది. భుజాలు లేకపోయినా కండువా వేసుకుని పడకకుర్చీలో కూర్చుంది. ఇరవైరెండేళ్ళు అక్క గొంతు మోసింది ఇదే. బస్టాండు కొత్తది కట్టినప్పుడు విరమణ ఇచ్చారట. నాకు ఆ కుర్చీ ఎదురుగా కూర్చోవడం ఇష్టం లేదు. అయినా కూర్చుంటాను.

ముందు అమ్మాయిని చెప్పుకోమంటుంది గొట్టం. హెడ్‌ఫోన్ తల ఎత్తదు. చాలా మెల్లిగా, ఎడమా కుడీ ఒకేసారి కదిలేలా చెబుతుంది.

“నాకు ఏ అబ్బాయి మీదా కోపం లేదండీ. మూడేళ్ళయింది ఆ ఇంటికెళ్ళి. నాన్నగారు ఒక్కసారి కూడా మనిషి గొంతు వినిపించలేదు. ఊ అని ఒకటే కూత. కిందినుంచి పైకి, పైనుంచి కిందికి. పరీక్ష అంటారు. పరీక్ష అయ్యాక నన్ను తుడిచి పెట్టేస్తారు.”

అది నిజమే. సరిచూసుకోవడానికి నా దగ్గర ఒక పరీక్ష టేపు ఉంది. బాగుందో లేదో తేలకుండా పాట పెడితే చెవి పాటకి మరిగిపోతుంది, లోపాలు పట్టుకోలేం. పద్ధతి తెలిసినవాళ్ళెవరైనా ఇలాగే చేస్తారు. ఈ మాటే గట్టిగా చెబుతాను. పంచలో డజను హెడ్‌ఫోన్లూ నా వైపు తిరుగుతాయి. చెవులన్నీ నన్నే వింటున్నట్టుంటుంది, నాకు మాట తడబడుతుంది.

గొట్టం పావురాన్ని పక్కకి జరగమని, కాసెట్ సంగతి అడుగుతుంది. పదకొండేళ్ళు ఎందుకు పెట్టావంటుంది. మూడేళ్ళ కిందట హెడ్‌ఫోన్ వచ్చింది, దానికి ముందు ఎనిమిదేళ్ళు ఏం చేశావంటుంది. మంచి జోడీ కోసం ఆగానంటాను. సరే, ఒకాయన గుర్రుపెట్టాడు, ఒకాయన చుర్రుమన్నాడు, ఆరో అల్లుడికి ఏమొచ్చిందంటుంది.

ఆరో అల్లుడు నాకు బాగా గుర్తే. ఆయనలో ఏ లోపమూ లేదు. ఓములు కుదిరాయి, గుర్రు లేదు, రెండువైపులా ఒకే మాట. ఆవేళ కాసెట్ తీసి టేప్‌రికార్డర్లో పెట్టేదాకా వెళ్ళాను. వేలు మీట మీద పెట్టాను. తరవాత ఆయన రంగు నచ్చలేదని వెనక గదిలోకి పంపేశాను.

“నీకు ఓములు కుదరక కాదు. కుదిరితే వినాలి, అందుకు,” అంటుంది గొట్టం.

పట్టరాని కోపం వస్తుంది. రేకుముక్కవి, నీకేం తెలుసు ధ్వని గురించి, ఊరంతా చెవులు మూసుకునేవాళ్ళు నీకు అంటాను. అని, వెంటనే ఆగిపోతాను. ఈ మాట ఇంతకుముందు ఎక్కడన్నానో అందరికీ తెలిసినట్టు డజను హెడ్‌ఫోన్లూ గోడవైపు తిరుగుతాయి. మంగతాయారు రేడియో మూతి తుడుస్తుంది.

నాకు భయం అని చెప్పేస్తాను. ఆ కాసెట్లో అక్క నన్ను తిట్టుంటే ఫరవాలేదు, తిట్టకపోతే ఎలా బతకాలో తెలీదు అంటాను. గొట్టం తప్పుపట్టదు. ఓదార్చదు కూడా. కండువా సర్దుకుని తీర్పు చెబుతుంది. అమ్మాయి ఇంటికొస్తుంది. అల్లుడు ఎవరున్నారో ఆయనతోనే, పొంతన కుదరనట్టుగానే, ఇవాళ మధ్యాహ్నమే ఆ కాసెట్ పెట్టాలి. గడియారంలో మూడున్నర దాటితే తీర్పు చెల్లదు.

మూడున్నరే ఎందుకని అడిగితే, అది తనని కాదు, అక్కని అడగాలంటుంది.

ఆటోలో వస్తాం. ఒళ్ళో హెడ్‌ఫోన్, పక్కన మంగతాయారు, ఆవిడ ఒళ్ళో గొట్టం, గొట్టంలో పావురం. ఆటో ఇంటిముందు ఆగాక మంగతాయారు గొట్టాన్ని వీధిస్తంభానికి ఎక్కించి కట్టేసి, లోపలికి రానని గుమ్మంలోనే నిలబడుతుంది. నేను గది పొడుగునా నడిచి బల్ల దగ్గరికి చేరేసరికి రెండున్నర అవుతుంది.

అల్లుడు లేచి నిలబడ్డాడు. క్షమాపణ చెబుతాడేమో అనుకుంటాను. ఆయన మాత్రం తన అరవై ఓములూ తనకి పుట్టుకతో వచ్చినవనీ, తగ్గించుకోలేననీ, కానీ ఈసారి గొంతు పెంచకుండా మాట్లాడతాననీ అంటాడు. హెడ్‌ఫోన్ సరేనంటుంది. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి. నాకు చిరాకు తగ్గలేదు గాని, వాళ్ళని చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది.

జాక్ గుచ్చుతాను. కాసెట్ పెడతాను. వేలు మళ్ళీ మీట మీద ఆగుతుంది. ఫ్యూజు చూసుకోవాలేమో అనిపిస్తుంది. గది తలుపు వేసి రావాలేమో అనిపిస్తుంది. అలా ఒక అరగంట గడుస్తుంది, ఆ అరగంటా నా వేలుని నేనే తిట్టుకుంటాను. చివరికి హెడ్‌ఫోన్ తనంతట తను నా చెవుల్ని మెత్తగా నొక్కుతుంది. మీట కిందికి దిగుతుంది.

ముందు ఫ్యాను. అక్క కూర్చునే అనౌన్సర్ గదిలో ఫ్యాను, తిరిగిన ప్రతిసారీ ఒకచోట టిక్కుమనేది. గాజులు. టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. తరవాత అక్క గాలి పీల్చుకుంటుంది.

“నందం, నేనేరా.”

గొంతు ఉబ్బి ఉంది. కింది స్వరాలు పొంగి, ముక్కుదిబ్బడ పట్టినట్టుంది. కామేశం గారు చెప్పినట్టే, అరవై ఓముల దోషం. నాకు ఏడుపొస్తుంది. మూడేళ్ళు తిరిగి, ఆఖరికి ఒక్కసారి వినే గొంతుని ఇలా పాడుచేసుకుంటున్నానే అని పళ్ళు కొరుకుతాను.

“జలుబు చేసింది,” అంటుంది అక్క. “ముక్కుదిబ్బడ. నువ్వు ఎంత మంచి డబ్బాలో పెట్టుకుని విన్నా ఇలాగే ఉంటుంది, ఏమీ అనుకోకు.”

నేను కదలను. టేపు మీంచి గోధుమరంగు పొడి బల్ల మీద రాలుతోంది.

“గురువారం మూడున్నర బస్సుకి బెజవాడ పెద్దాసుపత్రికి వెళ్తున్నా. ఏవో పరీక్షలు చెయ్యాలన్నారు. నాకు భయంగా ఉందిరా. నువ్వు తోడు రా. నాతో మాట్లాడక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు, అందుకని ఇది పంపుతున్నా. నాలుగో ప్లాట్‌ఫారం. నీ సీటుకి రుమాలు వేసి ఉంచుతాను. నువ్వు వచ్చేదాకా ఆ బస్సు నేను పిలవను.”

గ్లాసు ఎత్తిన చప్పుడు. ఒక గుక్క. ఫ్యాను టిక్కుమంటుంది. టేపు తెగదు, ఆగదు, మెల్లిగా లేకుండా పోతుంది. చక్రాలు రెండూ ఖాళీగా తిరుగుతున్నాయి. బల్ల మీద గుప్పెడు పొడి ఉంది.

అయితే ఆ కాసెట్‌లో ఉన్నవి ఆఖరి మాటలు కావు. ఒక పని చెప్పి పంపింది. మంగళవారం వింటే గురువారానికి అందేది. నేను దాన్ని పదకొండేళ్ళు బాగా వినాలని దాచాను. నా మీద నాకు వచ్చిన కోపానికి గది గోడలు ఒక జానెడు వెనక్కి జరుగుతాయి.

గడియారం మూడూ పది చూపిస్తోంది. హెడ్‌ఫోన్ తియ్యకుండానే లేస్తాను. అల్లుడు తీగ వదులుతాడు, వెళ్ళండి మామగారూ అంటాడు. అన్నిటికన్నా ఎక్కువ సేపు నా గది దాటడానికే పడుతుంది. పద్నాలుగు సంబంధాల పద్నాలుగు మూరలు. ఒక్కో మూరకీ ఒక్కో లోపం ఎన్నానని గుర్తుంది, ఒక్కటీ ఇప్పుడు పనికిరాదు. గుమ్మం దాటాక ఊరు చిన్నదే. తీగ నా వెనకాల రైలుగేటు దాటుతుంది, కాలవ వంతెన దాటుతుంది, కూరల బజారులో జనం దాన్ని ఎత్తి పట్టుకుని కిందనుంచి నడుస్తారు.

పాత బస్టాండులో నాలుగో ప్లాట్‌ఫారం మీద బస్సుంది. పడగొట్టేశారని విన్నాను, ఈ ఒక్క ప్లాట్‌ఫారం మాత్రం అలాగే ఉంది. ఇంజను ఆన్‌లోనే ఉంది. మెట్ల దగ్గర కండక్టరు నిలబడ్డాడు, గడ్డం టికెట్ల సంచీ దాకా పెరిగింది. లోపల జనం సీట్లలోనే ముసలివాళ్ళయ్యారు. ఒకావిడ ఒళ్ళో కూరగాయల బుట్టలో వంకాయ మొలిచి, కాసి, ఎండింది. ఎవరూ విసుక్కోవడం లేదు. అక్క పిలవలేదు కాబట్టి బస్సు కదల్లేదు, అంతే.

“ఎంతసేపండీ?” అంటాడు కండక్టరు.

మా అక్క ఆ గురువారమే వెళ్ళింది కదా, శనివారం తీసుకొచ్చారు కదా అంటాను.

“ఆవిడ వెళ్ళారండీ. బస్సు వెళ్ళలేదు,” అంటాడు.

ఎక్కుతాను. తొమ్మిదో వరసలో కిటికీ పక్క రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఒకదాని మీద తెల్ల చేతిరుమాలు పరిచి ఉంది. మూలన ఎర్రదారంతో కుట్టిన చిన్న పువ్వు, అక్క కుట్టిందే. పదకొండేళ్ళలో ఎవరూ దాన్ని తీసి కూర్చోలేదు. మన జనం రుమాలుకిచ్చే విలువ నేను ఆ కాసెట్‌కి ఇవ్వలేదు.

రుమాలు ఎత్తుతాను. కింద అక్క చెవి ఉంది.

ఒక్క చెవి, కుడిది. ఎర్రరాయి దుద్దుతో సహా ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. అరచేతిలోకి తీసుకుని ఆ సీట్లో కూర్చుంటాను. పక్క సీటు ఖాళీగానే ఉంచుతాను. చెవి ఏమీ అడగదు. అది వినడానికి వచ్చింది.

ఇన్నాళ్ళూ వినడం గురించే ఆలోచించాను. ఏం చెప్పాలో ఒక్కరోజూ అనుకోలేదు. హెడ్‌ఫోన్ తీసి, కుడివైపుది అక్క చెవికి ఆనిస్తాను. ఎడమవైపుది నా నోటికి దగ్గరగా పెట్టుకుంటాను. ఇలా పెట్టుకోవచ్చా అని అడిగితే, ఇటునుంచి మాట్లాడినా నాకు తేడా లేదు నాన్నగారూ అంటుంది హెడ్‌ఫోన్.

“అక్కా, ఆలస్యమైంది,” అంటాను.

నా మాట తీగలోంచి వెనక్కి వెళ్తుంది. కూరల బజారు, వంతెన, రైలుగేటు దాటి, పద్నాలుగు మూరలూ దాటి, అల్లుడి వాల్వుల్లో ఎర్రబడి, వీధిస్తంభం మీద గొట్టంలోంచి బయటికొస్తుంది. ఊరంతటికీ వినిపిస్తుంది. అచ్చం రేకుడబ్బాలో రాళ్ళు పోసినట్టే ఉంది నా గొంతు. పావురం లేచి ఎగురుతుంది. దుకాణాల్లో జనం పని ఆపి పైకి చూస్తున్నారని నాకు ఇక్కడినుంచే తెలుస్తుంది. సిగ్గేస్తుంది, అయినా ఆపను.

తప్పు నాదేనంటాను. ఆవేళ పప్పు బాగుందంటాను. జలుబు తగ్గిందా అని అడుగుతాను. ఒక్కో మాటా ఊరు తిరిగి కుడివైపు డబ్బాలోకి వచ్చి చెవికి చేరుతుంది, దుద్దు కొద్దిగా ఊగుతుంది.

కండక్టరు గంట తాడు పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. ముసలివాళ్ళందరూ చూస్తున్నారు. సీటు కోసం తొందరపడుతున్నవాళ్ళు లేరు, ఒక్క పిలుపు కోసం ఆగినవాళ్ళున్నారు. అక్క చేసినట్టే అరచెయ్యి నా చెవి మీద ఆనించుకుని పిలుస్తాను.

“ప్రయాణికులకు మనవి. ఏలూరు నుంచి విజయవాడ వెళ్ళు మూడున్నర బస్సు నాలుగవ నెంబరు ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుచున్నది.”

బస్సు కదులుతుంది. తీగ బిగుస్తుంది. వెనక అద్దంలో మా ఇల్లు పునాదితో సహా లేచి, పద్నాలుగు మంది అల్లుళ్ళనీ కిటికీల్లో నిలబెట్టుకుని, పొడుగాటి గదిని ఈడ్చుకుంటూ మా వెంట వస్తోంది. గుమ్మంలో మంగతాయారు సర్దుకుని నిలబడింది. స్తంభం మీద గొట్టం కూడా వస్తోంది, నా గొంతుతో దారిలో ఉన్న ఊళ్ళ పేర్లన్నీ ఒకటొకటిగా పిలుస్తూ.

చెవి నా అరచేతిలో ఒత్తిగిలి, ఇంకా దగ్గరికి జరుగుతుంది. దుద్దు చల్లగా నా పెదవికి తగులుతుంది. మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెడతాను.